నొప్పి తగ్గింది, జబ్బు తగ్గిందా?

2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) పేరు టీవీల్లో మారుమోగిపోయింది. గిలియన్-బారీ సిండ్రోమ్‌తో ప్రకాశం జిల్లా నుంచి వచ్చి చేరిన ఒక మహిళ అక్కడ చనిపోవడంతో, అప్పటికే పుణె వార్తలు విని బెదిరి ఉన్న జనం ఇది మరో కరోనా అనుకున్నారు. ‘జీబీఎస్ వైరస్’ అన్న మాట కూడా పుట్టుకొచ్చింది. అది వైరస్ కాదు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునేదీ కాదు. విరేచనాలో, జలుబూ జ్వరమో వచ్చి తగ్గిన కొద్ది రోజులకో, రెండు మూడు వారాలకో, ఆ జబ్బు తెచ్చిన సూక్ష్మజీవి మీదికి లేచిన రోగనిరోధక వ్యవస్థ గురితప్పి మన నరాల మీదే పడుతుంది. ముందు పాదాల్లో తిమ్మిర్లు, తర్వాత కాళ్లు చచ్చుబడటం, ఆ బలహీనత పైకి పాకి ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటర్. ప్రపంచంలో ఎక్కడైనా ఏటా లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. ఆ లెక్కన ఐదు కోట్ల జనం ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఏ అలజడీ లేని ఏడాదిలోనూ ఐదు వందల నుంచి వెయ్యి కేసులు ఉండాలి. పుణెలో కొద్ది వారాల్లోనే కేసులు రెండు వందలు దాటడం అసలైన ఉపద్రవం. అక్కడ కలుషితమైన నీటి వైపు, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా వైపు వేళ్లు చూపారు. మన దగ్గర కనిపించింది చాలావరకు ఎప్పుడూ ఉండేదే. ఆ నెలలో కంటపడింది, అంతే.

ఆ గగ్గోలు వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. దానికి వాడే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు ఏ ఆసుపత్రిలో ఎన్ని ఉన్నాయో ఆరోగ్యశాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ జవాబు చెప్పాల్సి వచ్చింది. గిలియన్-బారీ కుటుంబానికే చెందిన నిదానపు జబ్బులు కూడా ఉన్నాయి: రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్లవాతం, లూపస్, వెన్ను బిగుసుకుపోయే స్పాండిలైటిస్, సోరియాసిస్‌తో కలిసివచ్చే కీళ్లనొప్పి. ఇవి మనిషిని నాలుగు రోజుల్లో పడగొట్టవు, ఇరవై ఏళ్లు తీసుకుంటాయి. అందుకే వాటి మీద ఎవరూ ప్రకటన చేయరు. మన దేశంలో జరిగిన సర్వేలు పెద్దవాళ్లలో అర శాతం నుంచి ముప్పావు శాతం మందికి కీళ్లవాతం ఉందని తేల్చాయి. అంటే లక్షమంది పెద్దవాళ్లున్న చోట ఐదు వందల నుంచి ఏడున్నర వందల మంది. గిలియన్-బారీతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు. వీళ్లందరూ ఏదో ఒక రోజు గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో ఏదో ఒక క్లినిక్ బెంచీ మీద కూర్చునే ఉంటారు, ఏదో ఒక మందు మింగే ఉంటారు. నేను వాదించదలచుకున్నది ఇది: ఈ జబ్బుల్లో మనకు కొరత మందులది కాదు. జబ్బుకు సరైన పేరు పెట్టడమూ, పెట్టిన పేరును పట్టుకుని ఏళ్ల తరబడి దాని వెంట పడటమూ మనకు చేతకావడం లేదు. రేపటికి నొప్పి తగ్గించడాన్నే వైద్యమనుకోవడానికి రోగీ, డాక్టరూ, ప్రభుత్వమూ ముగ్గురూ అలవాటుపడ్డారు.

ముందు వాపు సంగతి. ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, సలుపు పెట్టడం శరీరం తనను కాపాడుకునే పని. ఆ పని అయిపోగానే సద్దుమణగాలి. సద్దుమణగక నెలల తరబడి సాగితే దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్. శరీరం తన కణజాలాన్నే పరాయిదనుకుంటే ఆటోఇమ్యూనిటీ. రెండూ తరచూ కలిసే కనిపిస్తాయి గాని రెండూ ఒకటి కావు. శరీరం తన మీద తాను తిరగబడదని 20వ శతాబ్దం తొలినాళ్లలో పాల్ ఎర్లిక్ అంతటివాడు నమ్మాడు. ఆయన మాట మీద గౌరవంతో చాలాకాలం ఎవరూ ఆ వైపు గట్టిగా వెతకలేదు. 1956లో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి, సొంత థైరాయిడ్ గ్రంథి మీదే దాడి జరగగలదని చూపించాక గాని వైద్యలోకం దారికి రాలేదు. దాడి ఎందుకు మొదలవుతుందన్న ప్రశ్నకు కొన్నిచోట్ల చక్కని జవాబు ఉంది. కాంపిలోబాక్టర్ ఒంటి మీద ఉండే చక్కెర అణువులు మన నరాల మీది అణువులను అచ్చంగా పోలి ఉంటాయి కాబట్టి, దాన్ని చంపడానికి పుట్టిన యాంటీబాడీలు నరాన్ని కూడా పట్టుకుంటాయి. 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాలను ఏళ్లవారీగా పరిశీలించినప్పుడు, ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకిన తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పు 32 రెట్లు పెరిగినట్టు తేలింది. అయితే ఆ వైరస్ ప్రపంచంలో తొంభై శాతం పెద్దవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. జబ్బు మాత్రం పిడికెడు మందికే. జన్యువు, సూక్ష్మజీవి, పొగ, దుమ్ము, హార్మోన్లు ఒకే మనిషిలో ఒకే వేళకు కలిసొస్తేనే ఇది రాజుకుంటుంది. అందువల్ల ఒక్క కారణం చెప్పి ఒక్క చిట్కా అమ్మేవాళ్ల మాట ఈ జబ్బుల్లో మొదటి అడుగులోనే తప్పుతుంది.

ఆ ఒక్క కారణం మన జిల్లాల్లో ఎప్పుడూ మిరపకాయే. గుంటూరు కారం తింటే కీళ్లు పట్టేస్తాయని, కారం మానేస్తే వాపు దిగుతుందని చెప్పనివాళ్లు అరుదు. మిరపలోని కాప్సైసిన్ చేసే పని వేరు. నరాల చివర, వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. కాప్సైసిన్ వెళ్లి దాన్ని తెరుస్తుంది. ఒళ్లు కాలుతున్నదన్న కబురు మెదడుకు వెళుతుంది, ఒళ్లేమీ కాలదు. 1997లో ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పదేపదే రాస్తే ఆ నరాలు మొద్దుబారతాయి గనుక కాప్సైసిన్ క్రీమును మోకాళ్లనొప్పికి మందుగానే వాడుతున్నారు. కడుపులో మంట ఉన్నవాళ్లు కారం తగ్గించుకోవచ్చు, అది వేరే సంగతి. యార్డులో మిర్చి ఘాటుకు దగ్గీ తుమ్మీ ఆగని కూలీల ఊపిరితిత్తుల గురించీ, స్పిన్నింగు మిల్లుల పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ గురించీ మాట్లాడాల్సింది చాలా ఉంది, అదీ వేరే సంగతే. కీళ్లవాతం విషయానికొస్తే, ఈ నేల మీద పండే పంటల్లో గట్టి సాక్ష్యం ఉన్నది మిరప మీద కాదు, పొగాకు మీద. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో కొన్ని ప్రొటీన్ల రూపు మారుతుంది. జన్యువు అందుకు అనువుగా ఉన్నవాళ్లలో ఆ మారిన ప్రొటీన్ల మీద యాంటీబాడీలు పుడతాయి. కొన్నేళ్లకు కీళ్లు వాస్తాయి. యాంటీ-సీసీపీ అనే పరీక్ష వెతికేది ఆ యాంటీబాడీలనే. రాతి ధూళిలోని సిలికాకు కూడా ఇలాంటి సంబంధం ఉందని స్వీడన్ పరిశోధనలు చూపించాయి, పొగ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుందని కూడా. పొగాకు బోర్డు కార్యాలయం గుంటూరులో ఉంది. పలకలు కోసే మార్కాపురమూ ఈ ప్రాంతంలోనే ఉంది. నెపం మాత్రం మిరపకాయ మోస్తున్నది.

ఇప్పుడు పేరు సంగతి. అన్నీ ఆటోఇమ్యూన్ జబ్బులే అన్నంత మాత్రాన అన్నిటికీ ఒకటే వైద్యం కాదు. ఇంటింటా కనిపించే హైపోథైరాయిడ్‌లో పెద్ద వాటా 1912లో హకారు హషిమోటో వర్ణించిన ఆటోఇమ్యూన్ జబ్బే. దానికి ఎవరూ వాపు తగ్గించే మందు ఇవ్వరు, ఇవ్వనక్కరలేదు. గ్రంథి చేయలేని పనిని పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాక్సిన్ బిళ్ల చేస్తుంది. పిల్లల్లో వచ్చే టైప్-1 షుగరు ఆటోఇమ్యూనే, దానికి మందు ఇన్సులిన్. గిలియన్-బారీలో ఇంకా విచిత్రం. నరాల వాపే అయినా స్టిరాయిడ్లు పనిచేయవని ట్రయల్స్ తేల్చాయి. బిళ్లల రూపంలో ఇస్తే కోలుకోవడం ఆలస్యం కావచ్చునని కూడా కనిపించింది. పనిచేసేవి రెండే: రక్తంలోని ప్లాస్మాను మార్చడం, లేదా ఐదు రోజులపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం. రెండోది ఖరీదైన మందు. మొదటిదాన్ని పెద్ద యంత్రం లేకుండా కొద్దికొద్దిగా చేసే పద్ధతిని ఢాకా డాక్టర్లు పరీక్షించి, 2018లో అది సురక్షితంగా చేయవచ్చని రాశారు. మనకు దగ్గరగా ఉన్న ఆ పాఠాన్ని మన బోధనాసుపత్రులు ఇంకా శ్రద్ధగా చదవాలి. లూపస్‌లో కిడ్నీ దెబ్బతింటుంటే స్టిరాయిడ్ ప్రాణం నిలబెడుతుంది, హైడ్రాక్సీక్లోరోక్విన్ దాదాపు జీవితాంతం తోడుండాలి. ‘వాపు ఉంది, వాపు తగ్గించే మందు ఇచ్చాం’ అన్న వాక్యం వినడానికి బాగానే ఉంటుంది, వైద్యానికి మాత్రం అది చాలదు.

వైద్య చరిత్రలో 1948 ఈ వాదనకు ఒక మంచి దృష్టాంతం. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిజోన్ సూదిమందు ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950కల్లా హెంచ్‌కు, కెండల్, రైక్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సూదిమందుకు నెల ముందే, 1948 ఆగస్టులో, న్యూయార్కులో ఒక తెలుగువాడు చనిపోయాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, దానికి అడ్డుపడే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకటి పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కు నెట్టిందని సిడ్నీ ఫార్బర్ ఆ ఏడాది జూన్‌లోనే ప్రకటించాడు. ఆ వరుసలోదే మెథోట్రెక్సేట్. 1951లో గబ్నర్ అనే వైద్యుడు ఈ జాతి మందును కీళ్లవాతానికి వాడి ఫలితం చూశాడు గాని, అప్పటికి ప్రపంచమంతా కార్టిజోన్ మత్తులో ఉంది. ఒక్క వారంలో నడిపించే మందు చేతిలో ఉండగా నెలన్నర రెండు నెలలు ఆగితే గాని గుణం చూపని మందు ఎవరికి కావాలి? కార్టిజోన్ ఎముకలను గుల్ల చేస్తుందని, షుగరు తెస్తుందని, ఆపగానే జబ్బు రెట్టింపై తిరిగొస్తుందని కొన్నేళ్లలోనే తెలిసిపోయింది. అయినా మెథోట్రెక్సేట్ పనితనాన్ని పద్ధతిగా పరీక్షించి రాసింది 1985లో, అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి దొరికింది 1988లో. ఆ ముప్పై ఏడేళ్ల ఆలస్యాన్ని మనం ఇప్పటికీ రోగికో రోగి చొప్పున మళ్లీ జరుపుతూనే ఉన్నాం.

ఎలాగో దగ్గరగా చూద్దాం. మిర్చి కళ్లంలోనో కోల్డ్ స్టోరేజీ షెడ్డులోనో ముచ్చికలు తీసే పని వేళ్లతోనే. బొటనవేలూ చూపుడువేలూ రోజంతా గిల్లుతూ ఉండాలి, కూలీ బరువును బట్టి. కీళ్లవాతం మొదట పట్టుకునేది సరిగ్గా ఆ వేళ్ల మొదళ్లనే, మణికట్టునే. పొద్దున లేచాక గంటకు పైగా పిడికిలి బిగుసుకోదు, తడిబట్ట పిండలేదు, బిందె అంచు పట్టదు. పది పదకొండు గంటలకు కాస్త సాగుతుంది. ఆ పనిచేసే ఆడమనిషికి ఆ వారం కూలీ పోతే ఇంట్లో గడవదు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూదిమందుతో సాయంత్రానికి వేళ్లు వదులవుతాయి. అందులో డెక్సామెథాసోన్ ఉందో లేదో ఆమె అడగదు, ఆయన చెప్పడు. పేరులేని పొట్లాల్లో వచ్చే ‘వాతం పొడి’ రెండు రోజుల్లో గుణమిచ్చిందంటే అందులో స్టిరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. ఏ వేరూ అంత తొందరగా పనిచేయదు. ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పలచబడి, షుగరు బయటపడ్డ తర్వాత ఆమె బ్రాడీపేటకు వస్తుంది. అప్పటికి రెండు మూడేళ్లు గడిచి వేళ్లు పక్కకు వంగి ఉంటాయి. నొప్పి ప్రతిసారీ తగ్గింది. కీలు లోపల మృదులాస్థిని తినేసే పని ఆ ఏళ్లన్నీ ఆగకుండా సాగింది. ఆమెను తప్పుపట్టలేం. ఈవేళ కూలికి ఈవేళ వేళ్లు కావాలి మరి. సూదిమందు ఇచ్చినాయన కూడా కనీసం అందుబాటులో ఉన్న మనిషి. తప్పు అదే వైద్యం అనుకున్న ఏర్పాటుది.

బ్రాడీపేటకు వచ్చాకైనా పేరు దొరుకుతుందా అంటే, ఇక్కడ ఇంకో చిక్కు. ల్యాబులు ప్యాకేజీలు అమ్ముతాయి: ఆర్ఏ ఫ్యాక్టర్, సీఆర్‌పీ, ఏఎన్ఏ, యూరిక్ యాసిడ్ అన్నీ ఒకే కాగితం మీద. ఆర్ఏ ఫ్యాక్టర్ కీళ్లవాతం ఉన్నవాళ్లలో నూటికి ఇరవై ముప్పై మందిలో కనిపించదు. ఏమీ లేని ముసలివాళ్లలో కొందరికి కనిపిస్తుంది. ఏఎన్ఏ సంగతి మరీ తమాషా. 1997లో అనేక దేశాల ల్యాబులు కలిసి చూసిన లెక్కలో ఆరోగ్యవంతులలోనే 1:40 పలచనలో నూటికి 31 మందికి పైగా, 1:80లో 13 మందికి అది పాజిటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని లూపస్ వచ్చిందని రాత్రుళ్లు నిద్రపోని కుటుంబాలు ఊరికొకటి ఉంటాయి. వేళ్ల మొదళ్లను అడ్డంగా మెల్లగా నొక్కి చూసి, పొద్దుటి బిగుతు ఎంతసేపుందో అడిగే రెండు నిమిషాల పని ఈ కాగితం కన్నా ఎక్కువ చెబుతుంది. దానికి ఫీజు లేదు, అందుకే కాబోలు దాన్ని చాలామంది చేయరు.

ఈ ప్రాంతంలో పేరు పెట్టడం ఇంకో రెండు కారణాల వల్ల కష్టం. పాత ప్రకాశం జిల్లా పడమటి మెట్ట, పొదిలి కనిగిరి దర్శి వైపు, ఫ్లోరైడ్ నీళ్లది. ఆ ఊళ్లు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి ఎముకల ఫ్లోరోసిస్ మీద రాశారు. దేశంలో ఈ జబ్బు మొట్టమొదట నమోదైంది ఆ జిల్లాలోనే. నడుము వంగదు, మెడ తిరగదు, కీళ్లు పట్టేస్తాయి. పైకి చూస్తే అచ్చు స్పాండిలైటిసే. ఎక్స్‌రేలో ఎముక మామూలు కన్నా తెల్లగా చిక్కబడి, ముంజేతి రెండు ఎముకల నడుమ పొర సున్నం పేరుకుని కనిపిస్తే అది ఫ్లోరైడ్ పని. అలాంటి మనిషికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తే ఒక్క పైసా ప్రయోజనం లేదు. ఇవ్వాల్సింది మంచినీళ్లు. రెండోది చికున్‌గున్యా. 2005 చివర, 2006లో రాష్ట్రాన్ని ఊపేసిన ఆ జ్వరం పోయాక కూడా నెలల తరబడి కీళ్లు వాచిపోయి కీళ్లవాతమే అనిపించేది. దానిలో చాలావరకు కాలంతో సర్దుకుంటుంది. వాపు ఒకటే, నొప్పి ఒకటే, మూడు జబ్బులకు మూడు దారులు. పేరు ముందు, మందు తర్వాత అనడం ఇందుకే.

పేరు దొరికాక వెంటపడటం ఎంత పనిచేస్తుందో చూపించిన సాక్ష్యం 2004లో గ్లాస్గో నుంచి వచ్చింది. టైకోరా అనే ఆ ట్రయల్‌లో కీళ్లవాతం ఉన్న నూట పదకొండు మందిని రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ దొరికేవి అవే పాత మందులు. ఒక గుంపు మామూలుగా డాక్టరును కలుస్తూ ఉంది. రెండో గుంపును నెలనెలా పిలిచి, వాచిన కీళ్లు లెక్కపెట్టి, లెక్క తగ్గకపోతే ఆ రోజే మందు పెంచారు. ఏడాదిన్నర తర్వాత జబ్బు దాదాపు నిద్రపోయిన స్థితికి వచ్చినవాళ్లు మామూలు గుంపులో 16 శాతం, నెలనెలా చూసిన గుంపులో 65 శాతం. కొత్త అణువేదీ లేదు, తేడా అంతా లెక్కపెట్టడంలోనే. 2013లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు ప్రధానంగా నడిపిన ట్రయల్ ఇంకో భయాన్ని తీర్చింది. మెథోట్రెక్సేట్‌తో సల్ఫాసాలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపిన పాత మందుల త్రయం, ఖరీదైన ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. ఈ మూడు బిళ్లలూ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే, మామూలు మెడికల్ షాపులో దొరికేవే. డబ్బున్నవాళ్ల జబ్బుకే మంచి వైద్యం ఉంటుందన్న నమ్మకం కీళ్లవాతం విషయంలో చాలావరకు చెల్లదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే: ఇవి క్యాన్సర్ మందులు, ఒంటికి ప్రమాదం కదా. ప్రమాదమే. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మింగాల్సిన మందు. చీటీలో అది సరిగా చదవక రోజూ మింగినవాళ్లు నోరు పుండ్లుపడి, రక్తకణాలు పడిపోయి చనిపోయారు. ఇది ప్రపంచమంతటా జరుగుతున్న పొరపాటు. కాన్పు కోరుకునే స్త్రీ దాన్ని ముందే మానాలి. కాలేయాన్ని, రక్తకణాలను తరచూ పరీక్షించాలి. టీఎన్ఎఫ్ అనే వాపు ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లతో నిద్రాణంగా ఉన్న క్షయ లేస్తుందని 2001లోనే బయటపడింది. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ముందు పరీక్ష చేయకుండా అవి మొదలుపెట్టడం తప్పు. అయితే ఈ వాదన వైద్యం మానేయడానికి కాదు, వెంటపడి చూడటానికి కారణం. పర్యవేక్షణ లేని స్టిరాయిడ్ వీటన్నిటికన్నా ప్రమాదం. అలాగని స్టిరాయిడ్‌ను రాక్షసిని చేయడమూ సరికాదు. 2020లో రికవరీ ట్రయల్ చూపించినట్టు, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథాసోన్ మూడోవంతు తగ్గించింది. అదే ట్రయల్‌లో, ఆక్సిజన్ అవసరంలేని వాళ్లకు దానివల్ల మేలు లేదు. 2021లో ఆ రెండో సగాన్ని మరిచి దాన్ని ఇష్టారాజ్యంగా వాడటం, అదుపులేని షుగరు కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారి తీశాయి. కీళ్లవాతంలోనూ మెథోట్రెక్సేట్ అందుకునే దాకా కొన్ని వారాలు చిన్న మోతాదు స్టిరాయిడ్ ఇస్తే ఆ కూలీ మనిషి కూలీ పోదు. ఎప్పుడు ఆపాలో మొదలుపెట్టిన రోజే రాసుకుని ఉండాలి, అంతే.

రెండో అభ్యంతరం వంటింటి నుంచి వస్తుంది: పసుపు, అల్లం, మంచి తిండి ఉండగా ఈ రసాయనాలెందుకని. దుగ్గిరాల యార్డు పక్కనే ఉన్నవాళ్లకు పసుపు మీద ప్రేమ సహజం. పసుపులోని కర్కుమిన్ గాజునాళికలో వాపును అణుస్తుంది, నోటితో తింటే రక్తంలోకి చేరేది అతి కొంచెం. మోకాళ్ల అరుగుదల నొప్పికి కొద్దిపాటి ఉపశమనం ఇస్తుందని చిన్న ట్రయల్స్ ఉన్నాయి. కీళ్లవాతంలో ఎముక తినేసే పనిని ఆపుతుందనడానికి లేవు. శోషణ పెంచడానికి మిరియాల సారం కలిపిన కర్కుమిన్ గొట్టాలతో కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం నమోదయ్యాయి. కూరలో చిటికెడు పసుపుకు ఏ భయమూ లేదు. తిండి విషయంలో నిజంగా తేల్చి చెప్పగలిగింది తక్కువ: సీలియాక్ జబ్బులో గోధుమ మానడమే వైద్యం, బరువు తగ్గితే, పొగ మానితే మందు మెరుగ్గా పనిచేస్తుంది.

ఇంకొందరు చదువుకున్నవాళ్ల వాదన దీనికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. గుండెజబ్బు, షుగరు, మతిమరుపు అన్నిటికీ మూలం ఒంట్లో నిప్పులాంటి వాపేనట. కాబట్టి అందరూ వాపు తగ్గించుకోవాలట. ఈ మాటలో నిజం ఉంది గాని ఎంత ఉందో కొలిచి చూశారు. 2017లో కాంటోస్ ట్రయల్‌లో, గుండెపోటు వచ్చిన పదివేల మందిపై ఇంటర్‌ల్యూకిన్-1 అనే వాపు ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ ప్రయత్నించారు. ఒక మోతాదులో గుండె ఘటనలు 15 శాతం తగ్గాయి, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. మరుసటి ఏడాది మన మెథోట్రెక్సేట్‌నే గుండెరోగులకు ఇచ్చి చూస్తే ఏ మేలూ కనబడక ఆపేశారు. కీళ్లలో అంత బాగా పనిచేసిన మందు గుండె రక్తనాళాల్లో పనిచేయలేదు. వాపు అన్నది ఒకే శత్రువు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. సీఆర్‌పీ కాస్త ఎక్కువొచ్చిందని సప్లిమెంట్లు మింగే ఆరోగ్యవంతుడి కన్నా, ముచ్చికలు తీయలేని కూలీకి ఆ డబ్బూ ఆ డాక్టరు సమయమూ ఎక్కువ అవసరం.

చివరి అభ్యంతరం ఆచరణది: ఈ జబ్బుల నిపుణులు మనకు ఎంతమంది, హైదరాబాదు నిమ్స్ దాకా ప్రతినెలా ఎవరు వెళ్లగలరు? వెళ్లలేరు. వెళ్లనక్కరలేదు కూడా. పేరు పెట్టడానికి నిపుణుడు కావాలి, వెంటపడటానికి అక్కరలేదు. వాచిన కీళ్లు లెక్కపెట్టడం నర్సుకు నేర్పవచ్చు. తెల్లకణాలు, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ చిన్న ల్యాబు చేయగలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయినది, చాలావరకు ఆసుపత్రిలో చేరిన రోజుల చుట్టూ, ప్యాకేజీల చుట్టూ అల్లిన పథకం. ఆపరేషనుకు డబ్బు వస్తుంది, మోకాలు మార్పిడి అవసరం కాకుండా చూసిన పదేళ్లకు రాదు. బీపీ, షుగరుకు మాత్రం ప్రభుత్వం ఇంకో దారి చూపింది. 104 వాహనం ఊరికి వెళ్లి బిళ్లలు ఇచ్చి వస్తున్నది. అదే బండిలో నిర్ధారణ అయిన కీళ్లవాత రోగుల మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ ఎక్కించవచ్చు. ఒక్కొక్కరికి ఒక కార్డు ఇవ్వాలి: మొదటి గడిలో మందు మింగాల్సిన వారం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో, రెండో గడిలో ఈ నెల వాచిన కీళ్ల సంఖ్య, మూడో గడిలో తర్వాతి రక్తపరీక్ష తేదీ. సంఖ్య రెండు నెలలుగా తగ్గకపోతే ఆ మనిషి జీజీహెచ్ ఓపీకి వెళ్లాలి, అక్కడ మందు మార్చాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాలుగు మండలాల్లో ఇది ఏడాదిన్నర నడిపి, పక్క నాలుగు మండలాల్లో ఇప్పుడున్నట్టే వదిలేసి, రెండుచోట్లా కార్డుల మీది రెండో గడిని పోల్చి చూస్తే నా వాదన నిలుస్తుందో లేదో తేలిపోతుంది.